మంగు మందు

చీనీకాయకు, అదే బత్తాయికి, మంగు పడితే లోపలి తొనలకు ఏమీ కాదు. తొక్క మాత్రం తుప్పు పట్టిన ఇనుము రంగుకు తిరుగుతుంది. కంటికి ఆనని నల్లి ఒకటి కాయ పైన చేరి తొక్కలోని రసాన్ని గీరి తాగుతుందట. తింటే అదే తీపి, అదే రసం. అయినా మండీలో మంగు కాయను వేరే కుప్పగా పోయిస్తారు. ఆ కుప్ప దగ్గర ఎవరూ నిలబడరు.

శింగనమల చెరువుకు అవతల వైపు ఉంటుంది మా తోట. ఆ ఏడాది శ్రావణం మొదట్లోనే తూర్పు వరుసల్లో కాయలన్నీ ఎరుపు తిరిగాయి. మా ఆయన ఎర్రిస్వామి ఒక కాయ తెంపుకొచ్చి, వాకిట్లో చేటతో బియ్యం చెరుగుతున్న మా అత్త మారెక్క చేతిలో పెట్టాడు.

"చూడమ్మా. దయ్యం నాకినట్ల ఉండాది."

అత్త కాయను తిప్పి తిప్పి చూసింది. "దయ్యానికేం పనిరా? నీ పెండ్లాం గడపకు పూసే జాజు మాదిరి ఉండాది. రోంత ముగ్గు కూడా ఏసి పెట్టు, మండీలో అమ్ముడుపోతాది."

నవ్వుకున్నాం. అప్పటికి నవ్వే ధైర్యం ఉండింది.

మందు తెచ్చింది మా మరిది గిరి. వాడికి సామాన్ల ఆటో ఉంది. రోజూ టౌనుకు పోయి వస్తుంటాడు. శుక్రవారం సాయంత్రం తెల్ల క్యాను ఒకటి అరుగు మీద పెట్టి, మూతిలో గుడ్డ కుక్కి ఉంటే ఆ గుడ్డను ఇంకొంచెం లోపలికి అదిమాడు. పెట్రోలుకు దగ్గరగా ఉండే వాసన వచ్చింది. పెట్రోలు కాదు. ముక్కు లోపల నూనె పూసినట్టు అంటుకుని ఉండే వాసన.

"పురుగు మందుల శ్రీరంగప్ప అంగడి లోపలి గదిలోంచి తీసిచ్చినాడు," అన్నాడు గిరి. "ఇట్లాంటి మందు ఇప్పుడు రాదంట. పాత సరుకు. ఒగ తూరి కొడితే నల్లి అంతా రాలిపోతాది అన్నాడు."

క్యాను మీద కాగితం లేదు. జిగురు మరకలు మాత్రం ఉన్నాయి. నేను పదో తరగతి దాకా చదివాను. అక్షరం కనబడితే చదవడం నాకు అలవాటు, చక్కెర పొట్లం కట్టిన కాగితమైనా సరే.

"దీని కాగితం యాడ గిరీ?"

"తడిసి ఊడిపోయిందంట. ఏం వదినా, చదివి పరీక్ష రాయల్లనా?"

"వాడేమైనా జాగ్రత్తలు చెప్పినాడా?"

"చెప్పినాడు. చేతులకు కవర్లు కట్టుకోవల్లంట. మూతికి గుడ్డ. గాలికి ఎదురు నిలబడొద్దంట. ఒంటికి పడితే సబ్బుతో కడుక్కోవల్లంట."

ఎర్రిస్వామి గట్టిగా నవ్వాడు. "శ్రీరంగప్ప చేన్లో కాలు పెట్టి ఎన్నేండ్లయిందో! ఫ్యాను కింద కూచోని అన్నీ చెప్తాడప్పా. ఈ ఎండకు కవర్లు కట్టుకుంటే చేతులు ఉడికిపోతాయి."

తెల్లవారితే శ్రావణ శనివారం. ఆ రోజు ఆయన ఉపవాసం. సాయంత్రం దీపం పెట్టేదాకా ముద్ద ముట్టడు. ఆదివారం కొట్టుకోవచ్చు గదా అన్నాను. మా లైనుకు ఆ వారం పొద్దున పూట కరెంటు. శనివారం దాటితే మళ్ళీ రాత్రి పూటకు మారిపోతుంది. బోరు ఆడకపోతే డ్రమ్ముకు నీళ్లెక్కడివి?

"దేవుని పని దేవునిది, నల్లి పని నల్లిది," అన్నాడు.

మా ఇంట్లో మందు కొట్టే ముందు ఒక పద్ధతి ఉంది. ఊరి పక్కన గుట్ట మీద ఆంజనేయస్వామి గుడి. అత్త ప్రతి శనివారం పోయి దీపం పెడుతుంది. కొండెక్కిన దీపాల్లో మిగిలిన నూనెను పూజారినడిగి సీసాలో పోయించుకొస్తుంది. ఆ నూనె మా ఇంట్లో అన్నిటికీ పనికొస్తుంది. మోకాలి నొప్పికి, పిల్లల చెవిపోటుకు, ఎద్దు గిట్ట పగిలితే దానికీ. పురుగు మందులు వచ్చినప్పటి నుంచి వాటికి కూడా. మందు కొట్టడానికి పోయేవాడి ముఖానికీ చేతులకూ మెడకూ స్వామి నూనె రాసి పంపుతుంది.

"పనసకాయ కోసేటప్పుడు చేతులకు నూనె రాసుకుంటామా లేదా?" అనేది అత్త. "బంక అంటదు గదా. ఇదీ అంతే. పైగా ఇది స్వామిది."

ఈ మాటలో తప్పు పట్టడానికి నాకు ఏమీ కనిపించలేదు. పనస బంకకు నూనె పనిచేయడం నా కళ్ళతో చూసిందే. స్వామి మీద నాకున్న నమ్మకం అత్తకున్న దానికంటే తక్కువ కాదు. ఆ పొద్దున నూనె గిన్నె పట్టుకున్నది నేనే.

ఇంకో నియమం కూడా ఉంది. స్వామి నూనె ఒంటికి రాసుకున్నాక ఆ రోజంతా సబ్బు గానీ సీకాయ గానీ పెట్టకూడదు. పెడితే నూనె కొట్టుకుపోయి, స్నానం చేసే జాలాడిలోని మురుగునీళ్లలో కలుస్తుంది. దేవుని నూనె కాళ్ళ కింద పోకూడదు. వట్టి నీళ్లు పోసుకోవచ్చు.

ఇంకా తెల్లవారకముందే, మబ్బులోనే అన్నదమ్ములిద్దరూ పోయారు. ఎండ ముదిరాక నేను మంచినీళ్లు తీసుకొని తోటకు పోయాను. డ్రమ్ములో మందు కలిపిన నీళ్లు అచ్చం పాల మాదిరి తెల్లగా ఉన్నాయి. గిరి మోటారు దగ్గర ఉన్నాడు. మా ఆయన పైపు భుజాన వేసుకొని స్ప్రే గన్ను పైకెత్తి కొడుతున్నాడు. చీనీచెట్టుకు కింది నుంచి పైకి కొట్టాలి. ఆకు అడుగున దాక్కున్న నల్లికి అప్పుడే తగులుతుంది. కొట్టిందంతా మంచులా పైకి లేచి, కొంత చెట్టు మీద, కొంత మనిషి మీద పడుతుంది. ఆ మంచులో ఎండ తగిలి చిన్న ఇంద్రధనుస్సు కనబడింది. ఎంత బాగుందో అనుకున్నాను.

అప్పుడే ఆయన భుజం దగ్గర పైపు అతుకు ఊడింది. మందు ధారగా వీపు మీదికి కొట్టింది. గిరి పరుగెత్తి మోటారు ఆపాడు.

"అన్నా, ఇంటికి పో. మిగిలింది నేను కొడతా."

"రెండే వరుసలు రా. కరెంటు పోతాది." చొక్కా విప్పి, పిండి, మళ్ళీ తొడుక్కున్నాడు. మంచినీళ్లు తాగమంటే పుక్కిలించి ఊశాడు, ఉపవాసమని.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి వీపు మండుతోందన్నాడు. అత్త గబగబా సీసా తెచ్చింది. ఈసారి చేతులకూ ముఖానికీ మాత్రమే కాదు. వీపు, ఛాతీ, పొట్ట, తొడలు, అరికాళ్ళు. సీసా సగం ఖాళీ అయ్యేదాకా రుద్దింది. కొడుకు ముప్పై ఏడేళ్ళ మనిషైనా పసిబిడ్డను పడుకోబెట్టినట్టు చాప మీద పడుకోబెట్టి రుద్దింది.

"చల్లగుందా నాయనా?"

"ఊఁ. చల్లగుండాది."

ఆ తర్వాత వట్టి నీళ్లు పోసుకున్నాడు. అత్త పెద్ద లోటాలో పాలు కాచి, నెయ్యి వేసి ఇచ్చింది. పాలు ఉపవాసానికి అడ్డం రావు, మందుకు విరుగుడు అంది. ఆయన తాగి పడుకున్నాడు. తలనొప్పిగా ఉందంటే కడుపు ఖాళీ కదా అనుకున్నాం.

సాయంత్రం దీపం పెట్టే వేళకు లేచాడు. స్వామి పటం ముందు నిలబడి హారతి వెలిగించాడు. పళ్ళెం వణికింది. వణుకు మెల్లగా మోచేతికి, భుజానికి పోయింది. కర్పూరం బిళ్ళ మండుతూనే కింద పడింది. ఆయన పెదవులు అదిరాయి, కళ్ళు పైకి తిరిగాయి, ఒళ్ళంతా ఊగడం మొదలైంది.

అత్త రెండు చేతులూ తలపైకెత్తింది.

"స్వామి వచ్చినాడు! హేమా, టెంకాయ తే! స్వామి వచ్చినాడే!"

మా వైపు శ్రావణ శనివారాల్లో మనుషుల మీదికి స్వామి రావడం ఉంది. మా మామగారికి వచ్చేదట. అందుకే ఎవరమూ అదిరిపోలేదు. పక్కింటివాళ్ళు పరుగున వచ్చి చెప్పులు విడిచి దండం పెట్టారు. ఒకామె తన బిడ్డకు పెండ్లి ఎప్పుడని అడిగింది. నేను టెంకాయ తెచ్చాను. నేను కూడా దండం పెట్టాను. నా భర్త కింద పడి కాళ్ళు కొట్టుకుంటుంటే ఆయన ముందు చేతులు జోడించి నిలబడ్డాను.

పంచె తడిసింది. నోటి పక్కన పాల నురగ, నెయ్యి వాసనతో. నాలుక కరుచుకున్నట్టున్నాడు, నురగ ఎర్రబడింది.

స్వామి వస్తే ఇట్లా ఉండదని అప్పుడు అనిపించింది. ఎందుకు అనిపించిందో తెలియదు. "గిరీ!" అని అరిచాను. ఆ గొంతు నాదేనా అని నాకే భయమేసింది.

సామాన్ల ఆటోలో చాప వేసి పడుకోబెట్టాం. అనంతపురం చేరేదాకా అత్త ఒక చేత్తో కొడుకు తల పట్టుకుంది. రెండో చేతిలో నూనె సీసా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మొదట అడిగింది మందు పేరు. గిరి ఖాళీ క్యాను ఎత్తి చూపించాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"పేరు లేదే! ఏ మందో తెలియకుండా నేనేం చేయాలి? మామూలు పురుగు మందుకు ఇచ్చే సూది అన్నిటికీ పనిచేయదు. కొన్నవాడికి ఫోన్ చేయండి."

శ్రీరంగప్ప ఎత్తలేదు. గిరి మళ్ళీ మళ్ళీ చేశాడు. చివరికి ఎత్తి, "నేను అమ్మినానని చెప్పొద్దప్పా," అన్న తర్వాతే పేరు చెప్పాడు. డైకోఫాల్. డాక్టరమ్మ ముఖం చిట్లించింది. అది అమ్మకూడదని ప్రభుత్వం నిలిపేసిన మందట.

నర్సు ఆయన ఒంటి మీద చేయి వేసి, వెంటనే తీసేసింది. "ఏమి ఇంత జిడ్డుగా ఉండాడు?"

"నూనె రాసినాము," అన్నాను.

"ఎప్పుడు? మందు పడినాకనా, ముందా?"

"రెండు తూర్లు."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు. ఆమె మాట చాలా నెమ్మదిగా వచ్చింది.

"అమ్మా, ఈ మందు నీళ్లతో పోయేది కాదు. అసలు రూపంలో జిగట నూనెలాంటిది. క్లోరిన్ కలిసిన మందు. నీళ్లలో పోస్తే తెల్లగా విరిగి కలిసినట్టు కనబడుతుంది, అంతే. నూనె దొరికితే అందులో కరిగిపోతుంది. నూనెతో పాటు చర్మం దాటి లోపలికి పోతుంది. లోపల కొవ్వులో చేరి కూర్చుంటుంది. పడిన వెంటనే బట్టలు తీసేసి సబ్బుతో బాగా రుద్ది కడగాలి. తాగడానికి ఏమైనా ఇచ్చారా?"

"పాలు. నెయ్యేసి."

"పాలలోనూ కొవ్వే కదమ్మా," అంది. తర్వాత నర్సుకు సబ్బు నీళ్లు తెమ్మని చెప్పింది. దీనికి విరుగుడు సూది లేదని, ఫిట్స్ ఆపడానికి మందిస్తామని, కనిపెట్టుకొని ఉండాలని చెప్పి లోపలికి పోయింది.

నర్సు రుద్దింది. మళ్ళీ రుద్దింది. తుడిచిన దూది పసుపుపచ్చగా వచ్చింది. గది నిండా ఆ పెట్రోలు కాని వాసన. దాంట్లో దీపం వాసన కూడా కలిసి ఉంది. నా గుడి వాసన. ఆ రెండూ ఒకే దూదిలో ఉన్నాయి.

బయట వరండాలో అత్త నేల మీద కూర్చొని ఉంది. నర్సు ఆమె చేతులు చూసి సబ్బు ఇచ్చి కడుక్కోమంది.

"స్వామి నూనెమ్మా ఇది. కడిగేదానికి లేదు," అని అత్త రెండు అరచేతులూ తలకు రాసుకుంది. నేను ఆ చేతులు పట్టుకున్నాను. పంపు దగ్గరికి లాక్కుపోయి నేనే కడిగాను. ఆసుపత్రి నియమమని అబద్ధం చెప్పాను. కొంగుతో తుడుచుకుంటూ ఆమె అడిగింది: "లోపలికి పోనిస్తారా? వాని అరికాళ్ళకు రోంత రాసొస్తా."

గిరి నన్ను పక్కకు పిలిచాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వదినా, డాక్టరమ్మ చెప్పింది అమ్మకు చెప్పొద్దు. నీ చేతులతోనే కొడుక్కు విషం ఎక్కించినావని తెలిస్తే ఆ యమ్మ బతకదు. మందు తెచ్చింది నేను. ఆ పాపం నాది అనుకోనీ. నూనె మాట మాత్రం ఎత్తొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

"అట్లనే," అన్నాను.

మా ఆయన బతికాడు. మూడో రోజుకు నన్ను గుర్తు పట్టాడు. "పైపు బిగించినారా?" అనేది మొదటి మాట. ఇంటికి వచ్చేటప్పటికి మనిషి సగమయ్యాడు. కుడి చేయి వణుకు పోలేదు. లోటా పట్టుకుంటే నీళ్లు పొర్లేవి. మెల్లగా తగ్గవచ్చు, తగ్గకపోనూ వచ్చు అన్నారు.

ఇంటికొచ్చిన రోజు ఊరంతా చూడటానికి వచ్చింది. అత్త వాకిట్లో మంచం పక్కన కూర్చొని ఒక్కొక్కరికీ చెప్పింది.

"డాక్టర్లు చేతులెత్తేసిరి. దీనికి సూదే లేదనిరి. మరి ఎట్ల బతికినాడు? చెప్పండప్పా, ఎట్ల బతికినాడు? ఒంటినిండా స్వామి నూనె ఉండె కాబట్టి బతికినాడు. ఆ పొద్దు నేను రాయకపోయింటే ఈ పొద్దు దినాలు చేస్తాంటిమి."

అందరూ నోళ్ళు తెరుచుకొని విన్నారు. గిరి తల వంచుకొని గోడకు ఆనుకున్నాడు. నేను వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇచ్చాను.

అక్కడితో ఆగి ఉంటే నేను ఎప్పటికీ చెప్పకపోయేదాన్నేమో. తల్లికి కొడుకు బతికాడు, స్వామికి కీర్తి దక్కింది, ఎవరికి నష్టం అనుకున్నాను. కానీ శ్రావణం ఇంకా పోలేదు. మంగు మా ఒక్క తోటకే రాలేదు. ఒకరి తర్వాత ఒకరు సీసాలు తీసుకొని రావడం మొదలుపెట్టారు. అత్త ఎవరినీ కాదనలేదు. చాలకపోతే గుడికి పోయి ఇంకా తెచ్చింది. పోసేటప్పుడు చెప్పేది: "బాగా పట్టించండి. ఆ పొద్దంతా సబ్బు పెట్టొద్దు. కొట్టొచ్చినాక పాలు తాగండి."

అది విన్న ప్రతిసారీ ఏదో పని వెతుక్కొని లోపలికి పోయేదాన్ని. గిరిని అడిగాను. "వాళ్ళు కొట్టే మందు వేరేలే వదినా. మనది పాత సరుకు," అన్నాడు. ఆ మాట వాడికే నమ్మకంగా లేదు.

మా పక్క తోట ఆంజిది. నోటి దురుసు మనిషి, మనసు మంచిది. మేము ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ మా ఎద్దులకు మేత వేసింది వాడే. మా లైనుకు మళ్ళీ పొద్దున పూట కరెంటు వచ్చిన వారం, శుక్రవారం సాయంత్రం నేను బావి దగ్గర బట్టలుతికి వచ్చేసరికి, వాడు సీసా చంకలో పెట్టుకొని మా వాకిట్లోంచి పోతున్నాడు.

"వదినా, రేపు మబ్బులోనే మేము గూడా కొడతాండాము," అన్నాడు. "పెద్దమ్మ నాకు భయమే లేకుండా చేసేసింది. అన్నను చావు నోట్లోంచి లాగిన నూనె గదా ఇది."

"ఏ మందు ఆంజీ?"

"అదే. శ్రీరంగప్ప ఇంగొక క్యాను ఉండాదనె."

నేను నోరు తెరిచాను. వాకిట్లో అత్త నిలబడి ఉంది. ముఖంలో ఎంత వెలుగు! నోరు మూసుకున్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుజామునే లేచి స్నానం చేసి పూజకు కూర్చున్నాను. డాక్టరమ్మ చెప్పింది నిజమా? ఆమెకు ఎట్లా తెలుసు? అత్త చెప్పేది అబద్ధమైతే ఇన్నేళ్ళు ఎవరికీ ఏమీ కాలేదెందుకు? స్వామి నూనె విషాన్ని మోసుకుపోతుందా? నేను చదివిన చదువుకు ఇవి పెద్ద ప్రశ్నలు. ఎవరిని అడగాలో తెలియక పటాన్నే అడిగాను.

హారతికి కర్పూరం చిదుముతుంటే ఒక పలుకు పంచపాత్రలో పడింది. తేలింది. నీళ్ల మీద తెల్లగా అట్లాగే తిరుగుతూ ఉంది. ఇంకో పలుకు దీపంలో పోయడానికి పెట్టిన వెచ్చని నూనె గిన్నెలో పడింది. దాన్ని తీద్దామని వేలు పెట్టాను. దొరకలేదు. కాసేపటికి అసలు లేదు. వేలు వాసన చూశాను. నూనె అంతా కర్పూరమే.

నా ఇద్దరు పిల్లలకూ జలుబు చేసినప్పుడు అత్త కర్పూరం నూనె కాచి వాళ్ళ ఛాతీకి రాసేది. లోపలికి పట్టాలే, బాగా రుద్దు అనేది.

ఇంక ఆలోచించలేదు. ఆవు దగ్గర పేడ తీస్తున్న అత్తను పిలుచుకొచ్చాను. ఆమె చూస్తుండగా ఒక పలుకు నీళ్లలో వేశాను, ఒక పలుకు నూనెలో వేశాను.

"ఏమే ఇది? పొద్దున్నే ఆటలాడతాండావు?"

"అత్తా, పిల్లోళ్ళకు జలుబైతే కర్పూరాన్ని నీళ్లలో కలిపి రాయొచ్చు గదా. నూనెలోనే ఏంటికి?"

"నీళ్లలో యాడ కరుగుతాదే? నూనెలో అయితే కరిగి బిడ్డ రొమ్ములోకి దిగుతాది..."

ఆమె మాట మధ్యలో ఆగింది. గిన్నె వైపు చూసింది. నేను డాక్టరమ్మ చెప్పిన మాటలు చెప్పాను. మందు సంగతి, నూనె సంగతి, పాల సంగతి. దూది సంగతి కూడా. ఒక్కటి కూడా దాచలేదు. చెబుతున్నంతసేపు ఆమె తన చేతులు చూసుకుంటూ ఉంది. పేడ అంటిన చేతులు.

ఆమె ఏడుస్తుందనుకున్నాను. పడిపోతుందేమోనని పక్కకు జరిగి నిలబడ్డాను. ఆమె ఒకే మాట అడిగింది.

"ఆంజిగాడు పోయినాడా?"

జాలాడి బండ మీద ఉన్న బట్టల సబ్బు తీసుకొని బయటికి నడిచింది. చెప్పులు వేసుకోలేదు. అరవై దాటిన మనిషి. కంపచెట్ల దారిలో ఆమెను అందుకోవడానికి నేను పరుగెత్తాల్సి వచ్చింది.

ఆంజి తోటలో మోటారు అప్పటికే ఆడుతోంది. వాడు మూడు చెట్లు కొట్టేశాడు. చొక్కా లేదు. తల నుంచి నడుము దాకా నూనె పట్టించుకొని కొత్త ఇత్తడి బిందె మాదిరి మెరుస్తున్నాడు. ఆ మెరుపు మీద తెల్లటి మందు చుక్కలు.

"ఆపరా!" అని అత్త అరిచిన అరుపుకు వాడి చేతిలోంచి గన్ను జారిపోయింది.

"ఏమైంది పెద్దమ్మా? అన్నకేమైనా..."

ఆమె వాడి చెవి పట్టుకొని బోరు తొట్టి దగ్గరికి ఈడ్చుకుపోయింది. "కూచో."

"అయ్యో, చెవి తెగిపోతాది! వదినా, ఏమైంది ఈ యమ్మకు?"

"పంచె ఇప్పు."

"పెద్దమ్మా! నేను పెండ్లాం బిడ్డలున్నోణ్ణి!"

"ఇప్పురా నా బట్టా. నువ్వు పుట్టినప్పుడు నీ బొడ్డు కోసింది నేను. నీ దగ్గర నేను చూడనిది ఏముండాది?"

వాడు డ్రాయరుతో కూర్చున్నాడు. అత్త బిందెలతో నీళ్లు కుమ్మరించింది. నేను సబ్బు రుద్దాను, ఆమె రుద్దింది, మళ్ళీ నీళ్లు. వాడు మొదట్లో నవ్వాడు. "నాకు మళ్ళీ పెండ్లి చేస్తాండారా? ఆడపెండ్లివాళ్ళు యాడుండారు?" అన్నాడు. ఎవరమూ నవ్వకపోయేసరికి వాడికీ నవ్వు ఆగింది. మెడ తిప్పి అత్త ముఖం చూశాడు. తర్వాత వీపు వంచి కూర్చున్నాడు.

జిడ్డు ఒక పట్టాన పోలేదు. వేళ్ళకు జారుతూనే ఉంది. సబ్బు బిళ్ళ అరిగి ఆకంత అయింది. నురగ నీళ్లు తొట్టి పక్కన మట్టిలోకి, మా కాళ్ళ కిందికి పారాయి. అత్త వాటిలోనే నిలబడి ఉంది. దేవుని నూనె కాళ్ళ కింద పోకూడదని నాకు చెప్పిన మనిషి.

ఆంజికి కాస్త తల తిరిగింది, అంతే. గిరి ఆటోలో తీసుకుపోయి చూపించుకొచ్చాడు. పోయేటప్పుడు, ఈసారి, మందు పేరు రాసిన చీటీ జేబులో పెట్టుకొని పోయాడు.

ఆ పగలంతా అత్త ఇంటికి రాలేదు. ఎవరెవరికి నూనె పోసిందో ప్రతి గడపకూ పోయింది. వాకిట్లో నిలబడి, లోపలికి రమ్మన్నా పోకుండా, ఒకే మాట చెప్పిందట: "నేను చెప్పింది తప్పు. నా కొడుకును నూనె బతికించలేదు. నూనె వాణ్ణి చంపబోయింది. సీసా ఇచ్చేయండి. సబ్బు పెట్టి కడుక్కోండి." కొందరు ముసలమ్మకు మతి చలించిందన్నారు. ఒకామె దేవుని నూనెను అట్లా అంటావా అని తిట్టిందట. ఆమెతో వాదించలేదట. సీసా మాత్రం తీసుకొనే కదిలిందట.

పొద్దుగూకే వేళకు కొంగులో సీసాలు మూటగట్టుకొని వచ్చింది. ఆంజిది సగం ఖాళీ. మంచం మీద ఉన్న కొడుకు ముందు చాలాసేపు నిలబడింది. ఏం చెప్పిందో నేను వినలేదు, లోపలికి వచ్చేశాను. ఆయన గొంతు మాత్రం వినబడింది. "వట్టి నీళ్లు పోసుకుంది నేను గదమ్మా. సబ్బు పెట్టుకోమని గిరి చెప్పె గదా."

ఆమె జాలాడి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. తర్వాత వచ్చి స్వామి పటం ముందు కూర్చుంది. ఇంట్లో ఉన్న పెద్ద ప్రమిద తెప్పించి సీసాల్లో నూనె అంతా పోసి, లావు ఒత్తి వేసి వెలిగించింది.

"ఇది దీపానికి," అంది. "ఒంటికి గాదు."

నేను పక్కన కూర్చున్నాను. దీపం ఎత్తుగా మండింది. ఆమె పటం మీది నుంచి చూపు తిప్పకుండానే అంది:

"అడిగినా హేమా. ఇన్నేండ్లు నీ నూనె రాసినా గదా, తప్పని ఒగ తూరన్నా చెప్పకపోతివే అని అడిగినా. ఏమీ పలకలేదు."

ఆమెను ఓదార్చాలనిపించింది. మనసులో ఉన్నదే అన్నాను. "పలికినాడేమో అత్తా. డాక్టరమ్మ నోట పలికింటాడు."

అత్త అప్పుడు నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో. తెలుసుకుందామనే అడిగింది.

"అట్లయితే, స్వామి పలికిన మాట నీ చెవిన పడినంక, ఇన్నిదినాలు ఎవరి మాట విని గమ్మునున్నావే?"

బయట మంచం మీద మా ఆయన నీళ్లు అడిగాడు. ఇచ్చి వస్తానని లేచాను. లోటా ఆయన చేతికి ఇచ్చాను. ఆ చేయి వణికింది, నీళ్లు పొర్లాయి. వెనక్కి తిరిగి చూస్తే అత్త ఇంకా జవాబు కోసం నా వైపే చూస్తూ ఉంది.